అర మెట్టు

గోడ మీద ఫొటో చూసి కోడలు ముందు నవ్వింది. తర్వాత దాని కింద రాసింది చదివింది.

ఫొటో మనిషెత్తున ఉంది. ఇదే హాలు, ఇదే వేదిక, వేదిక మీద ఎనిమిది మంది. ఏడుగురు మగవాళ్లు. మధ్యలో ఒక ఆడమనిషి, తల కొంచెం వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, పాట మధ్యలో. కింద ఇత్తడి రేకు మీద 'ఎడమ నుంచి' అని మొదలుపెట్టి ఏడుగురి పేర్లూ, ఎవరు ఏం వాయించేవారో అందంగా చెక్కించారు. ఏడోవాడి చేతిలో ఏ వాద్యమూ లేదు. అతను గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు. ఫొటోగ్రాఫరు పిలవకపోయినా వచ్చి ఇరుక్కున్నాడు. అతని పేరు కూడా ఉంది, పక్కన 'సహాయకుడు' అని గౌరవంగా. మధ్యలో మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం రేకుకి మతిమరుపు వచ్చింది. 'గాయని (పేరు తెలియదు).'

ఆ పేరు తెలియని మనిషికి కోడలు పొద్దున్నే టీ ఇచ్చి, మాత్రలు చేతిలో పెట్టి, "గ్లాసు కిటికీలో పెట్టకండి అత్తయ్యా, సింకులో వెయ్యండి" అని చెప్పి మరీ వచ్చింది.

కోడలిది పియానోలకి శ్రుతి చేసే పని. మామగారి దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక ఆయన చెక్కపెట్టె మోసుకుంటూ బడులూ హోటళ్లూ తిరుగుతోంది. తీగలు బిగించే కమ్మీ ఎప్పుడూ చేతిలో ఉంటుంది కాబట్టి ఊళ్లో వాయించేవాళ్లందరూ ఆమెని 'తాళంచెవి' అంటారు. పెళ్లయిన కొత్తలో ఆ పేరు వింటే ఒళ్లు మండేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడదు.

నలభై ఏళ్లు మూతబడి, కొంతకాలం కుర్చీల గోడౌనుగా, ఆ తర్వాత ఎలకల గోడౌనుగా బతికిన ఈ హాలుకి ఆదివారం సాయంత్రం మళ్లీ ప్రారంభోత్సవం. ఊరు మారింది మరి. ఒకప్పుడు ఈ వీధి పేరు చెబితే ఇల్లు అద్దెకి ఇచ్చేవాళ్లు కాదు. పిల్లల్ని బళ్లో చేర్చబోతే హెడ్మాస్టరు ఇబ్బందిగా దగ్గేవాడు. ఇప్పుడు రైలు దిగగానే 'సంగీత నగరానికి స్వాగతం' అని ఇంత పొడుగు బోర్డు. వీధి మొదట్లో కాఫీ కొట్టువాడు కప్పుల మీద స్వరాల గుర్తులు అచ్చు వేయించాడు. కాఫీ మాత్రం పాతదే.

"ఏమండీ, పేరు తెలియదని ఎవరు చెప్పారు?" అంది కోడలు.

నగర కార్యాలయం నుంచి వచ్చిన అధికారి చంకలో ఫైలు సర్దుకున్నాడు. "నాకేం తెలియదండీ. అదంతా పరిశోధకుడు గారు."

పరిశోధకుడు వేదిక మీద పియానో చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీస్తున్నాడు. ఈ నగర సంగీతం మీద లావుపాటి పుస్తకం రాశాడు. ఆదివారమే దాని ఆవిష్కరణ కూడా. అతను ఈ ఊరివాడు కాదు. అందుకే ఈ ఊరి గురించి అంత తెలుసు.

"రికార్డు అట్టల మీద ఎక్కడా ఆవిడ పేరు లేదండీ," అన్నాడు నొచ్చుకుంటూ. "'హాలు బృందం' అని మాత్రమే ఉంటుంది. ఆరేళ్లు వెతికాను."

"హాలు వెనక సందులో వెతికారా? మూడో అంతస్తు, ఎడమ తలుపు. మా అత్తగారు."

అతని కళ్లు చేటలంతయ్యాయి. "బతికే ఉన్నారా!"

"పొద్దున్న ఉన్నారు. టీలో చక్కెర తక్కువైందని కూడా అన్నారు."

అతను ఏదో అడగబోయి ఆగాడు. నడవాలో చేతికర్ర చప్పుడైంది. ఉత్సవ కమిటీ అధ్యక్షురాలు వస్తోంది. డెబ్బై అయిదు దాటినా నిటారుగా ఉంటుంది, మెళ్లో ముత్యాలు, వెనక ఇద్దరు. పరిశోధకుడు పరుగెత్తినట్టు వెళ్లి సంగతి చెప్పాడు. ఆవిడ ఫొటో వైపు చూసింది. గుర్తు లేని మనిషిని ఎవరూ అంతసేపు చూడరు.

"ఆ రోజుల్లో ఎంతమంది వచ్చి పాడి వెళ్లేవారో అమ్మా," అంది చివరికి. "ఎవరని గుర్తుపెట్టుకుంటాం?"

"వచ్చి వెళ్లలేదండీ. పద్నాలుగేళ్లు పాడారు."

"రేకు చెక్కించేశాం కదమ్మా. పైగా కుటుంబాలతో వచ్చే కార్యక్రమం. పాత సంగతులు కెలకడం ఎందుకు?" అంటూ చెయ్యి చాపింది. వెనకున్నవాళ్లలో ఒకరు పాసు అందించారు. ఆవిడ దాని మీద సంతకం పెట్టింది. మామూలు సంతకం కాదు, చివర్లో కింద నుంచి చుట్టుకుంటూ వచ్చి మొదటి అక్షరాన్ని మళ్లీ పలకరించే తోక ఉన్న సంతకం. "మీ అత్తగారిని తీసుకురా. ఏడో వరస. బాగా కనిపిస్తుంది."

ఆవిడ వెళ్లాక పరిశోధకుడు ఓదార్పుగా దగ్గరికొచ్చాడు. "ఒక్క ముఖ్యమైన విషయం మేడం. పియానోని ఇప్పుడున్న చోటే ఉంచి శ్రుతి చెయ్యండి. అర మెట్టు కిందనే. అదే ఈ నగరపు ప్రత్యేకత. ప్రపంచమంతా ఒక శ్రుతిలో వాయిస్తుంటే ఈ హాలు అర మెట్టు దిగి వాయించింది. అందుకే ఆ రికార్డుల్లో ఆ బరువు, ఆ దిగులు. బృంద నాయకుడి తాత్విక నిర్ణయం అది. నా పుస్తకంలో నాలుగో అధ్యాయం మొత్తం దాని మీదే."

"తాత్విక నిర్ణయమా?" అంది కోడలు.

"అవును."

ఆమె పెట్టె భుజానికి తగిలించుకుంది. ఇంకో నిమిషం ఉంటే ఆ పెట్టె ఎవరి కాలి మీద పడుతుందో చెప్పలేని పరిస్థితి.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. టీ గ్లాసు కిటికీలోనే ఉంది.

కోడలు చెప్పింది. అత్తగారు మడత ఆపకుండా విన్నది. టిక్కెట్లు చింపేవాడి సంగతి వచ్చినప్పుడు మాత్రం చేతిలో తువ్వాలు వదిలేసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"వాడి పేరు కూడానా! సహాయకుడా! వాడు చేసిన ఒకే ఒక్క సహాయం ఏమిటో తెలుసా, ఒకరోజు జలుబు చేసి రాకపోవడం." నవ్వు ఆగాక అడిగింది. "ఫొటోలో నా కాళ్లు పడ్డాయా?"

"మోకాళ్ల దాకానే ఉంది."

"మంచిదైంది. ఆ రోజు కుడికాలి జోడు మడమ ఊడిపోయింది. మునివేళ్ల మీద నిలబడి పాడాను. ముఖంలో భావం అంటారే, అదంతా పిక్క పట్టేయడం."

"నవ్వులాటగా ఉందా అత్తయ్యా మీకు? నాకు కడుపు రగిలిపోతోంది."

అప్పుడే నీళ్ల శాఖ గుమాస్తా, అంటే కోడలి మొగుడు, భోజనానికి వచ్చాడు. తల్లి గొంతూ తండ్రి చెవీ రెండూ రాకుండా జాగ్రత్తపడి పుట్టిన మనిషి. సంగతి విని జోళ్లు విప్పుతూ, "పోనిద్దూ," అన్నాడు. ఆయనకి ఏ కష్టానికైనా అదే మందు. "ఆదివారం వెళ్లి కూర్చుని వచ్చేద్దాం. ఆవిడ మా కమిషనరు గారికి బాగా కావలసిన మనిషి."

"మీ అమ్మ పేరు కంటేనా?"

ఆయన చెయ్యి కడుక్కోవడానికి వెళ్లి చాలాసేపు కడుక్కున్నాడు.

కోడలు చెక్కపెట్టె బల్ల మీద పెట్టి సామాను ఒక్కొక్కటే బయటికి తీసింది. కమ్మీ, శ్రుతిదండం, రబ్బరు చీలికలు, తీగల మధ్య దూర్చే ఎర్ర ఉన్నిపట్టీ. ఖాళీ అయ్యాక అడుగు కనిపించింది. అక్కడ మామగారు నలభై ఏళ్ల కింద అతికించిన కాగితం పసుపు పచ్చగా, మూలలు నలిగి ఉంది. హాలు మూయించాలని పెద్దమనుషులు పెట్టిన అర్జీ. హాలు తలుపు మీద అంటించి వెళితే ఆయన ఊడదీసి తెచ్చుకున్నాడు. ఎందుకు మామయ్యా అని కోడలు ఒకసారి అడిగితే, "రోజూ దీని మీద బరువు పెట్టడానికి," అన్నాడు.

'మన వీధి పరువు తీస్తున్న ఈ క్రింది వ్యక్తులు' అని మొదలై, కింద పేర్లు. మొట్టమొదటి పేరు అత్తగారిది. ఇంటిపేరుతో సహా, తండ్రి పేరుతో సహా. అడుగున నూటపన్నెండు సంతకాలు. మొదటి సంతకానికి కింద నుంచి చుట్టుకుంటూ వచ్చి మొదటి అక్షరాన్ని పలకరించే తోక ఉంది.

కోడలు పాసు తీసి దాని పక్కన పెట్టింది. వయసుకి చెయ్యి కొంచెం వణికింది కానీ తోక అదే.

"పేరు తెలియదట!" అంది. "రేపు ఇది పట్టుకెళ్లి ఆవిడ ముత్యాల మీద పెడతాను."

"పెట్టవు," అంది అత్తగారు. గొంతు పెద్దది చేయలేదు. "అది తీసుకెళితే అడుక్కోవడానికి వెళ్లినట్టుంటుంది. పెట్టె సర్దు."

మర్నాడు గురువారం. కోడలు పియానో ముందు పలక తీసి, ఎడమ చివర మొట్టమొదటి మీటని మెల్లగా పైకి లేపి ఊడదీసింది. శ్రుతి చేసేవాళ్లకి ఒక అలవాటుంది. పని అయ్యాక ఆ మొదటి మీట పక్క చెక్క మీద తారీఖూ, ఏ శ్రుతిలో పెట్టారో పెన్సిలుతో రాసి మళ్లీ లోపల పెట్టేస్తారు. వాయించేవాడికి కనిపించదు, వినేవాడికి తెలియదు. తర్వాత వచ్చే పనివాడు మాత్రం చదువుకుంటాడు.

మామగారి చేతిరాత చీమల బారులా ఉంది. మొదట్లో అన్నీ 'మామూలు శ్రుతి' అనే ఉన్నాయి. ఆ తర్వాత ఒకటి: 'అర మెట్టు కిందికి దించాను. ఆవిడ గొంతు కోసం. ఎవరికీ చెప్పలేదు.' దాని కింద తారీఖులు వరసగా. ప్రతి దాని పక్కనా ఒకే మాట: 'అలాగే.' 'అలాగే.' 'అలాగే.' పందొమ్మిది సార్లు. చివరిది: 'హాలు మూసేశారు. మూత వేశాను.'

కోడలు ముక్కు ఎగబీల్చి, మీట పట్టుకుని పరిశోధకుడి దగ్గరికి వెళ్లింది.

అతను చదివాడు. మళ్లీ చదివాడు. మీటని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. అంతవరకు మంచివాడే. "అద్భుతం మేడం! మూలాధారం! అంటే... ఆవిడ కోసమా? తాత్విక నిర్ణయం కాదా?"

"మా ఆయన పుట్టాక మా అత్తగారు మూడో నెల్లో మళ్లీ వేదికెక్కారు. పై స్వరం అందలేదు. మీ తాత్వికుడు వేరే అమ్మాయిని చూసుకుంటానన్నాడు. మా మామగారు సెలవురోజు వచ్చి తీగలన్నీ వదులు చేశాడు. మర్నాడు ఆవిడకి పాట అందింది. తన గొంతే బాగుపడిందని రెండేళ్లు అనుకున్నారట పిచ్చిది." అత్తగారిని పిచ్చిది అనేసినందుకు కోడలు ఒక్క క్షణం ఆగింది. "వయొలిన్ ఆయన కనిపెట్టి తిట్టుకుంటూ తన తీగలూ దించుకున్నాడు. నాయకుడు కనిపెట్టి ఆ ఆలోచన తనదే అని చెప్పుకున్నాడు. ఇదీ మీ నాలుగో అధ్యాయం."

అతను ఫోనుతో మీటని నాలుగు పక్కల నుంచీ ఫొటో తీశాడు. ఆ తర్వాత, నీళ్లలోకి దిగబోయి చలికి ఆగినవాడిలా, "పుస్తకం అచ్చయిపోయింది," అన్నాడు.

"రేకు మార్చచ్చుగా?"

"అది కమిటీ నిర్ణయం. తర్వాతి ముద్రణలో తప్పకుండా ఒక పాదసూచికలో..."

"పాదసూచికలోనా? పేజీ అడుగునా?"

"చిన్న అక్షరాల్లో అయినా గౌరవమే కదండీ."

చేతికర్ర చప్పుడు మళ్లీ వచ్చింది. అధ్యక్షురాలు మీటని అందుకుని, కళ్లజోడు దించి, చదివి, అధికారి వైపు తిరిగింది. "పియానోలో ఈ పిచ్చి గీతలేమిటి? గరుకు కాగితంతో రుద్దించండి. టీవీ వాళ్లు లోపల కూడా తీస్తారట."

కోడలు ఆవిడ చేతిలోంచి మీట తీసుకుంది. లాక్కుందనే అనాలి. "రుద్దితే బరువు తగ్గి మీట సరిగ్గా పడదండీ," అంది. అది పచ్చి అబద్ధం. మీటని దాని చోట దాచేసి, పలక బిగించేసి, పెట్టె సర్దుకుని వచ్చేసింది.

మెట్లెక్కి ఇంటికొచ్చేసరికి ఆయాసం కోపంలోనూ, కోపం ఆయాసంలోనూ కలిసిపోయాయి. "నేను చెయ్యను. ఇంకెవరినైనా పిలిపించుకోమనండి. ఆ పియానో మీద చెయ్యి వెయ్యను."

అత్తగారు అంతా విన్నది. గరుకు కాగితం మాట దగ్గర మడత పెడుతున్న చొక్కా మీద చేతులు ఆగిపోయాయి. ఆయన రాత చెరిపేయమన్నారా అని అడగలేదు. కిటికీలో గ్లాసు తీసి, తనంతట తనే సింకులో వేసి వచ్చింది. పాతికేళ్ల కాపురంలో కోడలు ఆ పని చూడటం అదే మొదలు. భయం వేసింది.

"చెయ్యి," అంది అత్తగారు.

"ఏమిటి?"

"శ్రుతి చెయ్యి. పైకి చెయ్యి. మామూలు శ్రుతికి ఎక్కించెయ్."

కోడలు కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఆ అర మెట్టు ఎవరిదే అమ్మాయ్? నాయకుడిదా? నగరానిదా? నాది. మీ మామయ్య నాకు ఇచ్చింది. ఆయన నాకు ఇంకో నగ పెట్టింది కూడా లేదు. నా పేరు ఉండటానికి చోటు లేని ఇంట్లో నా సొమ్ము ఎందుకు? తెచ్చెయ్."

"అంత పాత తీగలు అత్తయ్యా. తెగుతాయేమో."

"నువ్వు ఆయన దగ్గర నేర్చుకున్నావా, లేక ఇన్నేళ్లూ టీ ఇచ్చి వచ్చావా?"

లోపల గదిలోంచి కొడుకు, "ఎందుకొచ్చిన గొడవ, పోనిద్దూ," అన్నాడు.

"నువ్వు మాట్లాడకు," అంది తల్లి. "నువ్వు పుట్టబట్టే ఈ నగరానికి ఒక శైలి వచ్చింది. నీ వంతు అయిపోయింది."

గురువారం మధ్యాహ్నం కోడలు నేరుగా అధికారి దగ్గరికే వెళ్లింది. అతను ఫైల్లోంచి పని ఉత్తర్వు తీసి సంతకం పెట్టమన్నాడు. బళ్లలో పియానోలకి వాడే కాగితమే. పైన బడి పేరు కొట్టేసి హాలు పేరు రాశారు. 'సదరు వాద్యమును ప్రామాణిక శ్రుతి యందు ఉంచవలెను' అని ఉంది.

"ప్రామాణిక శ్రుతి అంటే మామూలు శ్రుతి. పరిశోధకుడు గారు వేరేలా చెప్పారు," అంది కోడలు. "కాగితం ప్రకారం చెయ్యనా, ఆయన చెప్పినట్టు చెయ్యనా?"

అధికారి తన ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఎవరూ అడగనంత తేలికైన ప్రశ్న విన్నవాడిలా చూశాడు. "కాగితం ప్రకారమే అమ్మా. రేపు ఆడిట్లో మాట్లాడేది కాగితమే కదా."

ఆమె సంతకం పెట్టింది. ఏ తోకా లేకుండా.

పని మూడు రోజులు పట్టింది. రెండువందల పైచిలుకు తీగలు. నలభై ఏళ్లుగా వదులుగా ఉండటానికి అలవాటుపడినవి. ఒక్కసారిగా లాగితే తెగుతాయి. అందుకని ముందు ప్రతి తీగనీ వెంట్రుకవాసి ఇంకా వదులు చేసింది. తుప్పు పట్టు వదిలి 'టిక్' మంటుంది, ఆ చప్పుడు చేతికి తెలియాలి. అప్పుడు బిగించడం. మొదటి చుట్టు మోటుగా. గురువారం ఎక్కించినవి శుక్రవారానికి సగం జారి కూర్చున్నాయి. మళ్లీ ఎక్కించింది. ఉన్నిపట్టీ దూర్చి, ఒక్కో మీటకి ఉండే మూడు తీగల్లో రెండింటి నోరు నొక్కి ఒక్కదాన్నే పలికించడం, అది దారికొచ్చాక పక్కదాన్ని దానికి కలపడం. శ్రుతిదండం మోకాలి మీద కొట్టి పళ్ల మధ్య పెట్టుకుంటే పుర్రె అంతా మోగుతుంది. మామగారు నేర్పిన పద్ధతి. ఆయనకి పళ్లు పోయాక ఆ దండాన్ని ఆమె చేతికి ఇచ్చేశాడు.

తీగ చుట్టి ఉండే ప్రతి పిన్నుకీ ఒకటే తిట్టు. కుటుంబాలతో వచ్చే కార్యక్రమం, టిక్. పాత సంగతులు కెలకడం, టిక్. పాదసూచిక, టిక్.

శుక్రవారం సాయంత్రం పైవరసలో ఒక తీగ తెగి బుగ్గ మీద కొరడాలా తగిలింది. సన్నటి రక్తపు గీత. పెట్టెలోంచి కొత్త తీగ తీసి చుట్టి కట్టింది. శనివారం మధ్యాహ్నానికి పియానో నిగనిగలాడుతూ, నిక్కచ్చిగా, ఏ హోటలు వరండాలోనైనా ఉండే పియానోలా మోగింది. ఒక్కసారి అత్తగారి పాట మొదటి వరస ఒంటివేలితో వాయించి చూసింది. పాట అంతా ఉంది. అందులో మనిషి లేదు.

ఆమెకి ఏడుపొచ్చింది. అది కూడా కోపమే.

మొదటి మీట ఊడదీసి, మామగారి చివరి వరస కింద పెన్సిలుతో తారీఖు వేసింది. 'మామూలు శ్రుతికి ఎక్కించాను. ఆవిడ మాట మీద.'

ఆదివారం అత్తగారు రానంది. కోడలు వెళ్లి, పాసు ఉన్న కుర్చీలో కాకుండా, వెనక గోడకి ఆనుకుని నిలబడింది.

కచేరీకి ముందు వాద్యాలు సరిచూసుకోవడానికని పెట్టుకున్న గంటన్నరని రిబ్బను కత్తిరించే సాధన మింగేసింది. పెద్ద నగరం నుంచి రప్పించిన గాయనీ వాయించేవాళ్లూ హోటల్లో వారం రోజులు అభ్యాసం చేశారు. కరెంటు కీబోర్డుతో. దానికి అర మెట్టు దించడం అంటే ఒక బొత్తాం నొక్కడం. హాల్లో అసలు పియానో ముందు కూర్చోవడం ఇదే మొదటిసారి.

అధ్యక్షురాలు ఇరవై నిమిషాలు మాట్లాడింది. "ఈ హాలుని కాపాడుకోవడానికి మేం పడ్డ తపన" అంది. కోడలు బుగ్గ మీద గీత తడుముకుంది.

వయొలిన్ ఒంటరిగా మొదలుపెట్టింది. రెండో వరసకి పియానో వచ్చి కలిసింది. కలవలేదు. పక్కపక్క వాటాల్లో ఇద్దరు తోడికోడళ్లు ఒకేసారి అరిచినట్టు మోగింది. ముందు వరసలో కమిషనరు గారి భార్య చెవి మూసుకుంది. వాయించేవాళ్లు ఆగారు, గుసగుసలాడుకున్నారు, తీగలు పైకి బిగించుకున్నారు. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి కలిసింది. గాయని అర మెట్టు పైన పాడాల్సి వచ్చింది. గొంతున్న పిల్ల, పాపం. పాడేసింది. బాగానే పాడింది.

ఆ బాగానే ఉండటమే దెబ్బ. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. టీవీవాడు పక్కవాడితో, "ఇదేనా ఆ ఫేమస్ సౌండు? మా అపార్ట్‌మెంటు లిఫ్టులో కూడా ఇదే వస్తుంది," అనడం కోడలికి వినిపించింది.

విరామంలో పరిశోధకుడు ముఖం పాలిపోయి పరుగెత్తుకొచ్చాడు. "ఎక్కడికి పోయిందండీ? ఆ ధ్వని ఎక్కడికి పోయింది?"

"ఏడో వరసలో కూర్చోమని పాసు ఇచ్చారు కదా," అంది కోడలు. "రాలేదు."

మంగళవారం పొద్దున్న తలుపు చప్పుడైంది. కొడుకు తలుపు తీసి, చూసి, ఉద్యోగానికి టైమైందంటూ సందు చేసుకుని మెట్లు దిగిపోయాడు. గడప అవతల పరిశోధకుడు, ఫైలుతో అధికారి, వాళ్ల మధ్య మూడంతస్తుల ఆయాసంతో అధ్యక్షురాలు.

అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలోంచి లేవలేదు. ఒడిలో దుప్పటి, చేతిలో దాని మూల.

"కూర్చోండి," అంది కోడలు. కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది. చేతికర్ర దాని వైపు నడిచింది.

అధికారి గొంతు సవరించుకున్నాడు. వచ్చేవారం రికార్డింగ్ ఉందట. మూడు దేశాల రేడియోల వాళ్లు వస్తున్నారట, ఆ పాత ధ్వని కోసమే. మళ్లీ దించడానికి ఎన్ని రోజులు పడుతుంది? కాగితంలో పొరపాటున... కొత్త ఉత్తర్వు తెచ్చాడట.

"దించడం తేలిక. ఒక్క రోజు," అంది కోడలు. "కానీ అది నా చేతుల్లో లేదండీ. సొంతదారుని అడగండి."

ముగ్గురూ కిటికీ వైపు తిరిగారు. అత్తగారు దుప్పటి రెండో మూల వెతుక్కుంటోంది.

అధ్యక్షురాలు నోరు విప్పింది. "రేకు మార్పిస్తామమ్మా. అందరి పేర్ల కంటే ముందు." చేతిసంచిలోంచి కాగితం, కలం తీసి ముందుకు చాపింది. "మీ పేరు ఎలా రాయాలో రాసివ్వండి."

అత్తగారు కలం అందుకోలేదు. ఆవిడ ముఖంలోకి చూసింది, నింపాదిగా, ఫొటో చూసినట్టు.

"అమ్మాయ్, పెట్టె తీసుకురా."

కోడలు తెచ్చింది. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. కమ్మీ. శ్రుతిదండం. రబ్బరు చీలికలు. ఎర్ర ఉన్నిపట్టీ. తొందర లేదు. ఖాళీ పెట్టెని అధ్యక్షురాలి ఒళ్లో పెట్టి, అడుగు కనిపించేలా వెలుతురు వైపు వంచింది.

ఆవిడ వంగి చూసింది. కళ్లజోడు దించింది. అడుగున తోక ఉన్న సంతకం దగ్గర వేలు ఆగింది. పరిశోధకుడు ఆవిడ భుజం మీంచి తొంగి చూసి, అలవాటుగా ఫోను తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"అప్పుడు తెలిసిందేగా," అంది అత్తగారు. "ఇంటిపేరుతో సహా. చూసి రాసుకోండి. ముందు ఒకసారి పైకి చదవండి, తప్పు పోకుండా."

అధ్యక్షురాలు పెదవులు తడుపుకుని, ఆ మొదటి పేరు చదివింది. గొంతులోనే.

అత్తగారు దుప్పటి రెండు మూలలూ కలిపి, చేత్తో నొక్కి మడత సరిచేసింది.

"వినపడలేదు," అంది. "ఇంకో అర మెట్టు పైకి."